చామనఛాయకు తెలుపు ఎంత కలపాలి? – చిత్రకారుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలా భాగం తైలవర్ణాలతో మనుషుల్నీ వస్తువుల్నీ ఉన్నవి ఉన్నట్టు వేయాలనుకునేవారి నుంచి వచ్చాయి. ఒకే సందేహం నలుగురు అడిగిన చోట కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: నెట్‌లో వీడియోలు చూస్తూ పోర్ట్రెయిట్లు వేస్తున్నాను. మా ఇంట్లో అందరిదీ చామనఛాయ. వీడియోలో చెప్పినట్టే రంగులు కలిపినా ముఖం బూడిద పూసినట్టు వస్తోంది. ముదురు చేద్దామని నలుపు కలిపితే మసి పట్టినట్టు ఉంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ వీడియోల్లో ఎక్కువ భాగం యూరప్ వాళ్ల తెల్లని చర్మం కోసం చేసినవి. నలుపును 0, తెలుపును 10 అనుకోండి. వాళ్ల చర్మం వెలుగు పడ్డ చోట 7, 8 దగ్గర ఉంటుంది. అదే వెలుగులో మన చామనఛాయ 4, 5 దగ్గరే ఆగుతుంది, ఇంకా నల్లని ఛాయ అయితే 3కి దిగుతుంది. అంటే వాళ్ల మిశ్రమంలో సగం తెలుపే. దాన్ని అలాగే తెచ్చుకుని పైన గోధుమరంగు కలిపితే బూడిదే మిగులుతుంది.

టైటానియం వైట్‌కు బలం ఎక్కువ. అది రంగును లేతపరచడంతో ఆగదు, చల్లబరుస్తుంది, గాఢతను కూడా తగ్గిస్తుంది. బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో కొద్దిగా తెలుపు కలిపి చూడండి. ఎండ పడ్డ చర్మంలా ఉండదు, పాలిపోయిన గులాబీలోకి పోతుంది. కాబట్టి చర్మాన్ని లేతపరచాలంటే ముందు ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టి రంగుతో పైకి తీసుకెళ్లాలి. అది చాలదన్నప్పుడే తెలుపు ముట్టుకోవాలి.

ఆరు ట్యూబులు చాలు: ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, అలిజరిన్ క్రిమ్సన్, టైటానియం వైట్. నలుపు ట్యూబును కొన్నాళ్లు డబ్బాలోనే ఉంచండి. కిటికీ పక్కన కూర్చున్న మనిషిని వేస్తున్నప్పుడు, కుంచె పట్టకముందే పాలెట్ నైఫ్‌తో నాలుగు కుప్పలు కలుపుకోండి. వెలుగు పడ్డ భాగానికి సియెన్నా రెండు పాళ్లు, ఓకర్ రెండు పాళ్లు, తెలుపు అర పాలు. వెలుగు నీడలోకి తిరిగే చోటికి ఇదే మిశ్రమం, కానీ తెలుపు లేకుండా, బియ్యపు గింజంత అల్ట్రామెరైన్‌తో. నీడకు అంబర్ రెండు పాళ్లు, అల్ట్రామెరైన్ ఒక పాలు, అలిజరిన్ చిటికెడు. ఇందులో తెలుపు అసలే పడకూడదు, పూత పలచగా ఉండాలి. నాలుగోది నీడ లోపల నేల నుంచో చొక్కా నుంచో తిరిగి వచ్చే వెలుగుకు: నీడ మిశ్రమానికే కొంచెం సియెన్నా చేర్చండి. కంపెనీని బట్టి రంగుల బలం మారుతుంది కనుక ఈ పాళ్లను మొదలుపెట్టడానికి మాత్రమే తీసుకోండి.

ముక్కు మీదా నుదుటి మీదా మెరుపు చివర్లో పెట్టాలి. నల్లని చర్మం మీద మెరుపు తెల్లని చర్మం మీద కన్నా చాలా ప్రస్ఫుటంగా కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న ఛాయకీ దానికీ దూరం ఎక్కువ. ఆ మెరుపు రంగు చర్మానిది కాదు, దీపానిదో ఆకాశానిదో. కిటికీ వెలుగులో అది చల్లగా, నీలం వైపు ఉంటుంది. తెలుపులో అల్ట్రామెరైన్, సియెన్నా ఒక్కో గింజ చాలు. చిన్నగా పెట్టి వదిలేయండి. దాన్ని చెంప అంతా పులిమితే మళ్లీ బూడిదే.

రంగు సరిపోయిందో లేదో తెలియాలంటే నైఫ్ కొనకు మిశ్రమం అంటించి, మోడల్ చెంప పక్కన అదే వెలుగు పడేలా పట్టుకుని, కళ్లు సగం మూసి చూడండి. నైఫ్ కొన చెంపలో కలిసిపోతే రంగు కుదిరినట్టే. ఇంకో చిక్కు తెల్లని కాన్వాసు. దాని పక్కన ఏ గోధుమరంగైనా మరీ నల్లగా తోస్తుంది, చేయి తనంతట తనే తెలుపు వైపు వెళుతుంది. అందుకే ముందురోజే రా అంబర్‌ను టర్పెంటైన్‌తో పలచన చేసి కాన్వాసంతా పూసి, గుడ్డతో తుడిచేయండి. నడిమి ఛాయ మిగిలితే అక్కడి నుంచి చీకటివైపూ వెలుగువైపూ కొలవడం తేలికవుతుంది.

ఇక చూడవలసిన చిత్రాలు. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా చిత్తరువు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పరేహా అతని దగ్గర బానిసగా ఉన్న సహాయకుడు. అదే ఏడాది వెలాస్కెజ్ అతనికి విముక్తి పత్రం రాసిచ్చాడు. ఆ ముఖంలో తెలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వెతకండి. నుదురు, ముక్కు, చెంప ఎముక మీద తప్ప మిగతాదంతా మట్టి రంగులే. అసలైన తెలుపు కాలరులో ఉంది, ముఖాన్ని దానికి చాలా కింద ఆపాడు. మనవాళ్లలో అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ముగ్గురు అమ్మాయిల చిత్రం ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ది. అందులో మెరుపులు దాదాపు లేవు, ఎరుపు కలిసిన గోధుమ ఛాయలతోనే ముఖాలు నిలబడ్డాయి. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో రవివర్మ వేసిన పదకొండు మంది వాద్యకత్తెల చిత్రం ఉంది. ఒక్కొక్కరూ ఒక్కో ప్రాంతం మనిషి, ఒక్కొక్కరిదీ ఒక్కో ఛాయ. ఒకే వెలుగులో అన్ని ఛాయల్ని ఎలా విడదీశాడో చూడడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

ప్రశ్న: ఫొటో మీద గళ్లు గీసుకుని పోర్ట్రెయిట్లు వేస్తాను. పోలిక అచ్చం దిగుతుంది, ఆర్డర్లు కూడా వస్తున్నాయి. కానీ బొమ్మలో ప్రాణం లేదని నాకే తెలుస్తోంది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి వేయమంటే చేయి ఆడడం లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గళ్లు గీత ఎక్కడుందో చెబుతాయి. ముక్కు ముందుకు వచ్చిందని, కణత వెనక్కి వెళ్లిందని చెప్పవు. ఒక్కో గడిలో ఉన్న గీతను ఒక్కోసారి నకలు చేయడంతో మొత్తం ముఖాన్ని ఒకేసారి చూసే అలవాటు మీ కంటికి ఏర్పడలేదు. దానికి తోడు ఫొటో తన సొంత తప్పుల్ని కూడా మీ చేత వేయిస్తుంది. నీడల్ని ఒకే నలుపుగా ముద్ద చేస్తుంది, వెలుగుల్ని తెల్లగా మాడ్చేస్తుంది. అన్ని అంచుల్నీ ఒకే పదునుతో చూపిస్తుంది. ఫోన్ ప్రధాన లెన్సు వెడల్పు లెన్సు కాబట్టి అరమీటరు దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి.

ఆర్డర్లు మానుకోమని చెప్పం. ముందు ఫొటో తీసే పద్ధతి మార్చండి. మనిషికి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి రెండింతల జూమ్ పెట్టండి. ఫ్లాష్ ఆపేసి ఒక్క కిటికీ వెలుగే ఉంచండి. వెలుగు పడ్డ వైపు వివరం దక్కేలా ఒక ఫొటో, నీడ లోపల వివరం కనిపించేలా ఇంకొకటి తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని వేయండి.

తర్వాత గళ్లు వదలండి. కాగితం మీద తల పైభాగానికి, గడ్డం కిందికి, ఎడమ కుడి అంచులకు నాలుగు గుర్తులు పెట్టి ఆ నాలుగింటి మధ్యే ముఖాన్ని కట్టండి. దారానికి చిన్న బరువు కట్టి కంటి ముందు వేలాడదీస్తే ముక్కు చివరకు సరిగ్గా కింద పెదవిలో ఏ భాగం వస్తుందో తెలుస్తుంది. అల్లిక సూదిని చాచిన చేత్తో పట్టుకుంటే వాలుల కోణాలు దొరుకుతాయి. తల మొత్తం ఎత్తులో కళ్లు సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. కొత్తవాళ్లంతా కళ్లను పైకి పెట్టి నుదురు కోసేస్తారు. గీసింది అద్దంలో చూడండి, తలకిందులుగా పెట్టి చూడండి. అలవాటుపడ్డ కన్ను దాటేసిన తప్పులు అప్పుడు బయటపడతాయి.

దీనికి పాతకాలపు అభ్యాసం ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో షార్ల్ బార్గ్, చిత్రకారుడు జెరోమ్ సాయంతో, 1866–71 మధ్య విద్యార్థుల కోసం లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) పలకలు తయారుచేశాడు. మొదటి భాగంలోవి ప్లాస్టర్ బొమ్మల చిత్రాలు. చాలా పలకల్లో ఒక పక్క తిన్నని గీతలతో చేసిన కట్టుబడి, పక్కనే నీడలతో పూర్తయిన బొమ్మ ఉంటాయి. ఒంపును ముందు తిన్నని గీతలుగా విరిచి, నీడను ఒక ఆకారంగా మూసి, ఆ తర్వాతే మెత్తపరచడం వాటి నుంచి అబ్బుతుంది. కాలు, చెయ్యి, ముఖం మూడు పలకలు ఓపికగా చేస్తే చాలు. పలకలన్నీ వేయాలని కూర్చుంటే అదే ఇంకో గళ్ల పద్ధతి అవుతుంది.

పలకలతో పాటు నిజమైన వస్తువు ఎదురుగా ఉండి తీరాలి. తెల్ల గుడ్డు, మట్టి ముంత, బూడిద రంగు గుడ్డ, ఒక్క దీపం పెట్టుకోండి. వస్తువు పక్కనే ఈజిల్ పెట్టి, కొన్ని అడుగులు వెనక్కి వచ్చి చూడండి. అక్కడి నుంచి నిర్ణయించుకుని, ముందుకు వెళ్లి ఒక గీత పెట్టి, మళ్లీ వెనక్కి రండి. కూర్చుని దగ్గర నుంచి వేస్తే ఈ అభ్యాసానికి అర్థం లేదు. ఛాయలు పెట్టేటప్పుడు ఒక్క నియమం పాటించండి: ఒకే రంగు వస్తువులో, నీడ లోపల ఎంత వెలుగున్న చోటైనా వెలుగు వైపున్న అతి ముదురు చోటు కన్నా ముదురుగానే ఉండాలి. గుడ్డు అడుగున తిరిగి వచ్చే వెలుగును మురిపెంగా లేతగా వేస్తే గుడ్డు చుట్టూ ఉన్న గుండ్రనితనం విరిగిపోతుంది. మీరు చెప్పిన ప్రాణం లేకపోవడానికి మొదటి కారణం చాలాసార్లు ఇదే, రెండోది అంచులు.

అంచుల గురించి ఇంకాస్త చెప్పాలి. కళ్లు సగం మూసి మోడల్‌ను చూస్తే కొన్ని అంచులు మాయమవుతాయి. నల్ల జుట్టు నల్ల నేపథ్యంలో కలిసిపోతుంది, నీడలో ఉన్న దవడ మెడలో కరిగిపోతుంది. మాయమైన చోట మీరు కూడా మాయం చేయాలి. రంగు తడిగా ఉండగానే పొడి కుంచెతో ఒకసారి అడ్డంగా లాగితే చాలు. ముఖం మొత్తంలో పదునైన అంచు రెండు మూడు చోట్ల మించకూడదు, సాధారణంగా వెలుగులో ఉన్న కంటి దగ్గర ఒకటి, ముక్కు వేసే నీడ దగ్గర ఒకటి. రెంబ్రాంట్ ముదిమిలో వేసిన స్వీయచిత్రాల్లో ముఖం కత్తిరించి అతికించినట్టు ఉండకపోవడానికి కారణం భుజాలూ టోపీ అంచులూ చీకట్లోకి వదిలేయడమే.

ప్రశ్న: జోర్న్ పాలెట్ అని వింటున్నాను. నాలుగు రంగులతో అన్నీ వేయవచ్చా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అన్నీ వేయలేరు, ముఖాలు మాత్రం బాగా వస్తాయి. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చలామణి అయ్యే ఈ పాలెట్‌లో ఎల్లో ఓకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్, తెలుపు ఉంటాయి. వెర్మిలియన్‌కు బదులు ఈ రోజుల్లో క్యాడ్మియం రెడ్ లైట్ వాడతారు. నలుపులో తెలుపు కలిపితే వచ్చే బూడిద, ఎరుపు పక్కన నీలంలా కనిపిస్తుంది. కిటుకంతా అందులో ఉంది. ఓకర్, నలుపు కలిస్తే ఆకుపచ్చకు దగ్గరి రంగు వస్తుంది. నెమలికంఠం రంగు పట్టుచీర, చిలకపచ్చ వరిచేను మాత్రం రావు. జోర్న్ కూడా అవసరమైన చోట వేరే రంగులు వాడాడు. నెలరోజులు దీనితో తలలు వేస్తే రంగు మీద బెంగ పోయి వెలుగునీడల మీద ధ్యాస నిలుస్తుంది. ఆ తర్వాత అల్ట్రామెరైన్ చేర్చుకోండి.

ప్రశ్న: కళాచరిత్ర చదవమని అందరూ చెబుతారు. తేదీలు, ఉద్యమాల పేర్లు చదివాను, బొమ్మలో మార్పు ఏమీ రాలేదు. పాత మాస్టర్ల బొమ్మలు నకలు చేస్తే ఉపయోగమా? ఎలా చేయాలి?
– ఇద్దరు పాఠకులు, రాజమహేంద్రవరం, డల్లాస్

జవాబు: చిత్రకారుడికి కావలసిన చరిత్ర ఏ బొమ్మ ఏ ఏడాది వేశారన్నది కాదు, ఏ పూత మీద ఏ పూత పడింది, ఆ తర్వాత దానికి ఏమైంది అన్నది. ఆ రెండూ తెలియకుండా నకలు చేస్తే మాస్టర్ వేసింది వదిలేసి, కాలం పాడుచేసింది నేర్చుకుంటారు.

వెర్మీర్ ముత్యపు లోలకు అమ్మాయినే తీసుకోండి. సుమారు 1665 నాటిది, హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉంది. పరిమాణం 44.5 x 39 సెంటీమీటర్లే. నకలు చేసేవాళ్లంతా నేపథ్యాన్ని చదునైన నలుపుతో పూసేస్తారు. 2018లో మ్యూజియం వాళ్లు యంత్రాలతో పరిశీలించినప్పుడు అక్కడ ఆకుపచ్చ తెర మడతలు ఉండేవని తేలింది. ముదురు అడుగుపూత మీద నీలిమందు, వెల్డ్ అనే మొక్క పసుపు కలిపి పారదర్శకంగా పూశాడు. కాలక్రమంలో ఆ రంగులు చెడిపోయి తెర కనుమరుగైంది. కాబట్టి ఆ అమ్మాయి మొదట నల్లటి గోడ ముందు లేదు, లోతు ఉన్న పచ్చని చీకటి ముందు ఉంది. ముత్యానికి కొక్కెం లేదు, గుండ్రటి గీత కూడా లేదు. ఎడమవైపు పైన దిట్టమైన తెలుపు ఒక్క మచ్చ, కింద కాలరు తెలుపు నుంచి వచ్చిన మసక మెరుపు, అంతే. ఈ సంగతి తెలిసి వేసేవారి చేయి ముత్యం చుట్టూ గీత గీయదు.

రెంబ్రాంట్ 1642లో వేసిన పెద్ద చిత్రానికి రాత్రి గస్తీ అని పేరు పడింది. నిజానికి అది పగటి దృశ్యం. వార్నిష్ నల్లబడి రాత్రిలా కనిపించింది. 1940లలో శుభ్రం చేశాక వెలుగు బయటపడింది. పాత అచ్చు పుస్తకాల్లో తేనెరంగు చూసి అదే మాస్టర్ల రంగు అనుకుని బొమ్మంతా గోధుమ గ్లేజు (పారదర్శకమైన పలచని పూత) పూసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం ఇదే చిత్రాన్ని 717 గిగాపిక్సెళ్ల ఫొటోగా 2022లో ఉచితంగా నెట్‌లో పెట్టింది. ఒక్కో కుంచె వెంట్రుక గీసిన గాడి వరకు దగ్గరికి వెళ్లి చూడవచ్చు. డల్లాస్‌లో ఉన్నా రాజమహేంద్రవరంలో ఉన్నా ఒకే విధంగా అందుతుంది.

ఇక పద్ధతి. మొదట ప్రశ్న ఎంచుకోండి, తర్వాతే బొమ్మ. "నీడలోంచి చేయి ఎలా బయటికి వస్తుంది?" అన్నది మీ ప్రశ్నైతే ఇటలీ చిత్రకారుడు కారవాజియో దగ్గరికి వెళ్లండి. రోమ్‌లోని శాన్ లుయిజీ చర్చిలో 1599–1600లో వేసిన మత్తయి పిలుపు చిత్రాన్ని చూసుకుంటే చాలు. "మామూలు గిన్నెలో రాగి రంగు ఎలా పలుకుతుంది?" అంటే 18వ శతాబ్దపు ఫ్రెంచివాడు షార్డాన్. "దగ్గర మచ్చలు, దూరం నుంచి పట్టుబట్ట ఎలా అవుతుంది?" అంటే వెలాస్కెజ్, ఆ తర్వాత అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్.

బొమ్మ మొత్తం వేయకండి. 20 సెంటీమీటర్ల చదరపు ముక్క ఎంచుకుని అసలు పరిమాణంలోనే వేయండి. అరచేతిలో పట్టే ముఖాన్ని నిలువెత్తుకు పెంచితే కుంచె దెబ్బల లెక్క తప్పుతుంది. ముందు అగ్గిపెట్టెంత స్కెచ్‌లో మూడే ఛాయలతో కూర్పు చూడండి. తర్వాత బూడిదరంగులతో అడుగుపూత, అది ఆరాక రంగు. ఏ పూత దళసరిగా, ఏది పలచగా ఉందో పక్కన రాసుకోండి. సాధారణంగా పదిహేడో శతాబ్దపు చిత్రాల్లో నీడలు పలచగా, వెలుగులు దిట్టంగా ఉంటాయి. రెండూ ఒకే మందంలో పూస్తే నీడలు గాలి ఆడనట్టు బరువెక్కుతాయి. ప్రశ్నకు జవాబు దొరకగానే ఆపేయండి. అదే వారంలో మీ ఇంటి రాగిచెంబో, తాతగారి చేతులో పెట్టుకుని ఆ ఒక్క సంగతి ప్రయోగించండి. ఈ చివరి మెట్టు దాటేసినవాళ్లు మంచి నకలుగాళ్లుగా మిగిలిపోతారు.

రాజమహేంద్రవరం పాఠకులకు ఇంకో మాట. మీ ఊళ్లోనే దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాల ఉంది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చినవాడాయన. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం నీటిరంగులు, కనుక తైలవర్ణ పూతల కోసం వెతకకండి. మనిషి ఒంటి వంపును ఒక్క గీతలో ఎలా పట్టాడో, నలుగురైదుగురిని ఒక చట్రంలో ఎలా కూర్చాడో చూసి పెన్సిల్‌తో రాసుకోండి. హైదరాబాద్ వెళితే సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ తైలచిత్రాలూ యూరప్ చిత్రాలూ ఉన్నాయి. రవివర్మను క్యాలెండరు ముద్రల్లో మాత్రమే చూసినవారు ఒక్కసారి అసలు చిత్రం ముందు పక్కకు తిరిగి, వాలుగా పడే వెలుగులో చూడండి. నగల మెరుపు ఎత్తుగా, నీడలోని బట్ట పలచగా ఉండడం కంటికి తగులుతుంది. అచ్చులో అదంతా చదునైపోతుంది. అక్కడే ఉన్న బెంజోనీ పాలరాతి ముసుగు రెబెక్కా, తెల్ల వస్తువు మీద ఛాయలు చూసి గీసుకోవడానికి దొరికే అరుదైన శిల్పం. స్కెచ్ పుస్తకం తీసుకెళ్లేముందు సిబ్బందిని అడగండి.

ప్రశ్న: నిరుడు వేసిన తైలచిత్రం నల్లటి భాగంలో సన్నగా పగిలింది. ఇంకోదాని మీద అక్కడక్కడా మెరుపు పోయి పొడిబారినట్టు ఉంది. వానాకాలంలో కాన్వాసు వెనక బూజు కూడా పట్టింది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మూడూ వేరువేరు జబ్బులు.

పగుళ్లకు కారణం ఆరే తీరు. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. బర్న్‌ట్ అంబర్ వంటి మట్టి రంగులు త్వరగా ఆరతాయి, ఐవరీ బ్లాక్ చాలా నెమ్మది. అడుగున ఐవరీ బ్లాక్ దిట్టంగా పూసి, అది లోపల ఇంకా కదులుతుండగానే పైన త్వరగా ఆరే రంగు వేస్తే పైపొర బిగుసుకుని చీలుతుంది. అడుగుపూతకు అంబర్ వాడండి. మొదటి పూత కొద్దిగా టర్పెంటైన్‌తో, రెండోది ట్యూబులో ఉన్నది ఉన్నట్టు, ఆఖరి పూతల్లోనే నూనె. దానికి స్టాండ్ ఆయిల్ (కాచి చిక్కబరిచిన అవిసె నూనె) ఒక పాలు, టర్పెంటైన్ రెండు పాళ్లు కలిపి, చుక్కలతో వాడండి. ముందు పూత కన్నా తర్వాతి దానిలో నూనె తక్కువ ఉండకూడదు. తెలుపు ట్యూబు వెనక కూడా చదవండి: పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింక్. జింక్ తెలుపు నూనెలో కొన్నేళ్లకు పెళుసై పొర లేచిపోతుంది. రెండూ కలిపి అమ్మే తెలుపులు చాలా ఉన్నాయి. వేసే పద్ధతిని నిర్లక్ష్యం చేస్తే మహామహుల బొమ్మలే దక్కలేదు. లియోనార్డో ఆఖరి భోజనాన్ని పొడిగోడ మీద వేస్తే అది ఆయన జీవితకాలంలోనే రాలడం మొదలైంది. ఇంగ్లండ్ చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ వాడిన ఎర్ర రంగులు ఆయన బతికుండగానే వెలిసిపోయాయి.

పొడిబారిన మచ్చలు కింది పూత నూనె పీల్చేయడం వల్ల వస్తాయి. బాగా ఆరిన చిత్రం మీద ఆ మచ్చల వరకే స్టాండ్ ఆయిల్, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి మెత్తని గుడ్డతో రుద్ది, పది నిమిషాల తర్వాత మిగులంతా తుడిచేయండి. ఆఖరి వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి.

బూజు తేమగోడ పని. ఫ్రేము వెనక నాలుగు మూలలకూ బెండు ముక్కలు అంటించి గోడకు రెండు సెంటీమీటర్లు ఎడం ఇవ్వండి. పట్టిన బూజును ఎండరోజున ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో వెనకవైపు నుంచి దులపండి. తడిగుడ్డ వద్దు. కొత్త చిత్రాల్ని చీకటి బీరువాలో ఆరబెట్టకండి, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. వానాకాలంలో కాన్వాసు వదులైతే మూలల్లోని చెక్క చీలల్ని చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి. ఎండ వచ్చాక మళ్లీ బిగుసుకుంటుంది కనుక గట్టిగా బిగించవద్దు.

ప్రశ్న: స్టూడియోకు ఉత్తరపు కిటికీ ఉండాలంటారు. మాకు ఉంది, అయినా ఎండాకాలంలో వెలుగు మారిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ సలహా యూరప్‌లో పుట్టింది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు సూర్యుడు మీ నడినెత్తి దాటి ఉత్తరానికి వస్తాడు. మధ్యాహ్నం సన్‌షేడ్ అడ్డుకుంటుంది కానీ పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ నేరుగా గదిలో పడుతుంది. ఆ మూడు నెలలూ కిటికీకి తెల్ల మల్లు గుడ్డో ట్రేసింగ్ కాగితమో బిగించండి. ఏడాది పొడుగునా కిటికీ కింది సగాన్ని, అయిదడుగుల ఎత్తు వరకు, నల్లగుడ్డతో మూస్తే వెలుగు పైనుంచి దిగి ముఖం మీద నీడలు స్పష్టంగా పడతాయి. ఎదురుగా పచ్చరంగు గోడో చెట్టో ఉంటే వెలుగులోకి పచ్చదనం చేరుతుంది, అది కూడా చూసుకోండి. దీపం కింద వేసేవారు 5000 కెల్విన్ (వెలుగు రంగు కొలత), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్ఈడీ కొనండి. మోడల్ మీదా కాన్వాసు మీదా ఒకే రకం వెలుగు పడాలి.

ప్రశ్న: హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్, అవిసె నూనె చవక. అవి వాడవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అక్కడ అమ్మేది ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్. కుంచెలు కడగడానికి పనికొస్తుంది. వార్నిష్‌కు వాడే డామర్ అనే చెట్టు జిగురు మాత్రం అందులో పూర్తిగా కరగక తెల్లగా మసకబారుతుంది. డామర్ వార్నిష్‌కు చెట్టు జిగురు నుంచి తీసిన అసలు టర్పెంటైనే కావాలి. తలుపులకు పూసే డబుల్ బాయిల్డ్ అవిసె నూనెను చిత్రంలోకి రానివ్వకండి, త్వరగా ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఏది వాడినా కిటికీలు తెరిచి ఉంచండి. అవిసె నూనె తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే లోపల వేడి పెరిగి వాటంతట అవే అంటుకుంటాయి. పని అయ్యాక వాటిని నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనప డబ్బాలో వేసి, ఇంటి బయట పెట్టండి.